మైల యాభై రోజులే

తిరుపాలమ్మ కువైట్‌లోని కబ్ద్ తోటలో వంటకు చేరిన మూడో రోజున, ఆ ఇంటి దేవుడికి రూపం లేదని కనిపెట్టింది.

విత్తనాలు దాచే గదిలో, తలుపుకు ఎదురుగోడకు, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఒక చెక్క అర ఉంది. దాని మీద పావురాల గూడంత గుడి. లేత పసుపు చెక్కతో చేసిన వాలుకప్పు, ముందు రెండు బుల్లి తలుపులు. పైన అడ్డంగా వరిగడ్డి తాడు, ఆ తాడుకు మెలికలుగా కత్తిరించిన తెల్లకాగితాలు. దుమ్ము దులిపే వంకతో మునివేళ్ళ మీద లేచి, తలుపు సందులోంచి తొంగిచూసింది. కాగితం చుట్టిన సన్నటి పలక ఒకటి నిలబెట్టి ఉంది. దాని మీద నల్లసిరాతో నాలుగు అక్షరాలు. కళ్ళు లేవు, చేతులు లేవు, వాహనం లేదు.

"ఈయన ఏ దేవుడు మామా?" అని అడిగింది. కువైటీల ఇళ్ళలో పనిచేసిన అలవాటు కొద్దీ ఇంటావిడ ఎవరైనా ఆమెకు మామాయే.

చిసాతో నవ్వింది. అరవై ఏళ్ళ జపాను మనిషి. ఇంగ్లీషు, అరబీ, హిందీ కలిపి, మధ్యలో పనివాళ్ళ దగ్గర ఏరుకున్న తెలుగు ముక్కలు వేసి మాట్లాడుతుంది. "మా ఊరి కొండ దేవుడు," అంది. "మా ఊరికి నీళ్ళు ఇస్తాడు. ఇప్పుడు ఇక్కడ కూడా."

ఆమె భర్త ఒనోదెరా. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే పనిలో ఇరవై ఏళ్ళు కువైట్‌లో గడిపి, రిటైరయ్యాక స్వదేశం పోవడం మానేసి, ఒక కువైటీ పెద్దమనిషితో కలిసి కబ్ద్ ఎడారిలో పాలీహౌసులు వేయించి కర్బూజ పండిస్తున్నాడు. ఆ పెద్దమనిషే వీళ్ళందరి వీసాలకు పూచీ ఉన్న కఫీల్. ఆయన ఆ గుడిని ఒకసారి చూసి, "గదిలో మీ ఇష్టం, గేటు బయట మాత్రం ఏమీ వద్దు," అన్నాడట. ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఆ గది వైపు రాలేదు.

రోజూ పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, ఆ గదిలోకి పోయేవాళ్ళు. బుల్లి గిన్నెల్లో పిడికెడు బియ్యం, చిటికెడు ఉప్పు, కొత్త నీళ్ళు పెట్టేవాళ్ళు. వాళ్ళ దేశంలో పెట్టే చెట్టుకొమ్మ ఇక్కడ దొరకదు కాబట్టి రెండు పక్కలా నిమ్మ రెబ్బలు గుచ్చేవాళ్ళు. నెలలో రెండుసార్లు అక్కడైతే సారా కూడా పెడతారట. ఈ దేశంలో అది కుదరని పని కనక ఆ గిన్నెలో కూడా నీళ్ళే. తర్వాత రెండుసార్లు నడుం వంచి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగి బయటికొచ్చేవాళ్ళు. మంత్రం లేదు, హారతి లేదు, పూజారి లేడు.

తిరుపాలమ్మ చేరిన రెండు నెలలకు చిసాతోకు నడుం పట్టేసింది. ఒనోదెరా ఊళ్ళో లేడు. మంచం మీంచే చిన్న చెంబు చాపి, "తిరుసాన్, ఇవాళ నువ్వు నీళ్ళు పెట్టు," అంది. పేరు చివర సాన్ అనడం వాళ్ళ దేశపు మర్యాద.

తిరుపాలమ్మ చెంబు అందుకోలేదు. "నేను పెట్టకూడదు మామా. నా మొగుడు చచ్చిపోయినాడు."

"అయ్యో. ఎప్పుడు?"

"ఎనిమిదేళ్ళాయ."

చిసాతో ఆమె మొహంలోకి చూసింది. మొగుడు పోయినందుకు బాధపడింది గాని, నీళ్ళు పెట్టడానికీ దానికీ సంబంధమేమిటో ఆమెకు బోధపడలేదు. చెంబు అలాగే చాపి ఉంచింది. అంతసేపు నడుం పట్టిన మనిషి అలా చెయ్యి చాచి ఉంటే చూడలేక తిరుపాలమ్మ అందుకుంది.

రాజంపేట దగ్గర అత్తగారి ఊళ్ళో, లారీ కింద పడి మొగుడు పెంచల్ పోయిన నాటి నుంచి ఆమె దీపం వెలిగించలేదు. పెళ్ళిళ్ళలో వంటింట్లోనే ఉండేది. పొద్దున్నే ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే, వాళ్ళు గడప దాటేదాకా తనే పక్కకు తప్పుకునేది. ఎవరూ తిట్టి చెప్పిన పని కాదది. అందరూ నెమ్మదిగా, మంచిగానే చెప్పేవాళ్ళు. అందుకే ఎదురు చెప్పడానికి ఎప్పుడూ చోటు దొరకలేదు.

ఆ రోజు విత్తనాల గదిలో నీళ్ళు మార్చింది. గుడి కూలిపోలేదు. మర్నాడు చిసాతో లేచి తిరుగుతూ కూడా చెంబు ఆమెకే ఇచ్చింది. అలా మూడేళ్ళు గడిచాయి.

తోటలో ఇది నచ్చనివాడు ఒక్కడే, మేస్త్రీ చిన్నపుల్లయ్య. పుల్లంపేట మనిషి. చెడ్డవాడు కాదు. ముబారక్ అల్ కబీర్ అనే పేటలో ఒక ఇంట్లో తిరుపాలమ్మను పద్దెనిమిది గంటలు నిలబెట్టి పని చేయిస్తుంటే, ఆ పక్కింట్లో పనిచేసే తన భార్య చంద్రిక ద్వారా సంగతి తెలుసుకుని, కఫీల్ కాళ్ళావేళ్ళా పడి ఆమె ఇఖామా, అంటే ఉండటానికిచ్చే పర్మిట్, ఈ తోటకు మార్పించింది అతనే. ఆ కృతజ్ఞత తిరుపాలమ్మకు ఉంది. అతన్ని అన్నా అని పిలిచేది, మొదటి ముద్ద అతనికే వడ్డించేది. కాని ఆమె విత్తనాల గదిలోకి పోతుంటే అతను నేలకేసి చూసేవాడు. "వాళ్ళకు తెలీదులే మన ఆచారం. నీకు తెలుసు గదమ్మా," అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఏడు గంటలప్పుడు, రెండో పాలీహౌస్‌లో తీగలు పైకి కడుతూ కడుతూ ఒనోదెరా కూలబడిపోయాడు. పంపు చూసే నూర్ బాషా ఆయన్ను పికప్‌లో వేసుకుని ఆస్పత్రికి ఉరికించాడు. పదిన్నరకు చిసాతో వెనక్కి వచ్చింది. ఒంటరిగా.

అందరూ ఏడుస్తూ ముందుకొచ్చారు. సెలవు రోజు కాబట్టి చంద్రిక కూడా అక్కడే ఉంది. చిసాతో ఎవరినీ పట్టుకుని ఏడవలేదు. ఇంట్లోకి పోయి తెల్లకాగితం ఒకటి, జిగురు సీసా ఒకటి తెచ్చింది. విత్తనాల గది గడపకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"తిరుసాన్. నేను లోపలికి పోకూడదు. చావు జరిగిన ఇంటివాళ్ళు దేవుడి దగ్గరికి పోకూడదు. బయటి మనిషి పోవాలి. నువ్వు పో. దేవుడికి చెప్పు, ఒనోదెరా పోయాడని. నీళ్ళు, బియ్యం తీసెయ్. తలుపులు మూసి, ఈ కాగితం ముందర అంటించు."

చిన్నపుల్లయ్య కల్పించుకున్నాడు. "మామా, ఆమె వద్దు. ఆమె విడో. నా భార్య ఉండాది ఈడ, చంద్రిక. ఆమె చేస్తాది."

"తిరుసాన్ మూడేళ్ళు నీళ్ళు పెట్టింది. దేవుడికి తెలుసు తిరుసాన్," అంది చిసాతో. అతనికి అర్థం కాలేదేమో అని ఒక్క అరబీ మాట చేర్చింది. "తిరుసాన్ నదీఫ్."

నదీఫ్ అంటే శుభ్రం. కువైట్‌కు వచ్చినప్పటి నుంచి తిరుపాలమ్మ రోజుకు పదిసార్లు వింటున్న మాట అది. నేల నదీఫ్ చెయ్, బాత్రూం నదీఫ్ కాలేదు, గిన్నె మళ్ళీ నదీఫ్ చెయ్. ఆ మాట ఒక మనిషి గురించి, అందులోనూ తన గురించి, నలుగురి ముందర ఎవరైనా అనగా వినడం ఆమెకు అదే మొదలు. చిన్నపుల్లయ్య మొహం చూడకుండా కాగితం తీసుకుని లోపలికి నడిచింది.

దేవుడికి ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. తనకు వచ్చింది ఒకటే.

"సామీ, సార్ పోయినాడు. పొద్దున ఏడు గంటలకు. శానాసేపు బాధపడలేదంట. అమ్మ బయట నిలబడుకోని ఉండాది, లోపలికి రాకూడదంట. ఈ తలుపులు మూస్తాండా, ఏమీ అనుకోగాకు."

బియ్యం, ఉప్పు, నీళ్ళు తీసేసింది. బుల్లి తలుపులు మూసి, గుడి ముందర తెల్లకాగితం అంటించింది. బయటికొచ్చాక చిసాతో చెప్పింది, యాభై రోజులు ఎవరూ దేవుడికి ఏమీ పెట్టకూడదని, యాభయ్యో రోజున కాగితం తీస్తామని. శవపేటికతో పాటు జపాను పోతూ, గది బీగంచెవి తిరుపాలమ్మ చేతిలో పెట్టింది. "నేను వచ్చేదాకా ఎవరూ తీయొద్దు."

తిరుపాలమ్మ బీగంచెవిని కొంగున ముడేసుకుంది.

మూడు వారాలు గడిచేసరికి తోటకు కష్టం వచ్చింది. రెండు పాలీహౌసుల్లో కర్బూజ ఆకుల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి లేచింది. కూలింగ్ మోటారు ఒకటి కాలిపోయింది. పంట చేతికి రావడానికి నెల కూడా లేదు. పనివాళ్ళు గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఆ మాటలన్నీ చిన్నపుల్లయ్య దగ్గరే పుట్టాయని తిరుపాలమ్మకు తెలుసు. దేవుడి మొహాన కాగితం అంటిస్తే తోట బాగుపడుతుందా, అదీ ఒక విధవరాలి చేతులతో.

నాలుగో శుక్రవారం అతను చంద్రికను వెంటబెట్టుకుని వచ్చాడు. చంద్రిక పట్టుచీర కట్టుకుంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో టెంకాయ, పసుపు, కుంకుమ, కర్పూరం. వెనకాల ఐదారుగురు పనివాళ్ళు.

"బీగంచెవి ఇయ్యమ్మా," అన్నాడు చిన్నపుల్లయ్య.

తిరుపాలమ్మ విత్తనాల గది గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. లేవలేదు. "ఎందుకన్నా?"

"ఆ కాగితం తీసేసి, మీ వదిన చేత దీపం పెట్టిచ్చి టెంకాయ కొడతాం. పంట సూస్తాండావు గదా. నలుగురి పొట్ట కొట్టొద్దు."

"ఇంకా ఇరవై ఎనిమిది దినాలుండాయి. అమ్మ చెప్పిపోయింది, తీయొద్దని."

"ఆమెకేం తెలుసమ్మా. ఆయన గూడా దేవుడే గదా, దేవుడికి దీపం పెడితే కోపమొస్తాదా?"

"ఆయన ఇంట్లో ఆయన ఆచారం అన్నా. మన ఇంటికొచ్చి ఎవురన్నా చావు మైలలో సామికి టెంకాయ కొట్టమంటే నువ్వు కొట్టనిస్తావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నపుల్లయ్యకు చెవులు ఎర్రబడ్డాయి. "మైల గురించి నువ్వు చెప్పేంతదానివైతివా," అన్నాడు. అని, తనే ఆ మాటకు కొంచెం తగ్గాడు. "నేను అంటాండేది నీ మంచికే. రేపు పంట పోతే అందరూ నిన్నే అంటారు. నేను ముందర్నుంచీ చెప్తానే ఉండా, ఆ గది నీకు పనికిరాదని."

"పనికొచ్చేది లేనిది ఆయమ్మ చెప్పింది గదన్నా. నీ ముందరే చెప్పింది."

"నిన్ను ఈడికి తెచ్చింది నేను. కఫీల్‌తో ఒక్క మాట చెప్తే చాలు, ఖలాస్. పోయే విమానం ఎక్కిస్తారు."

తిరుపాలమ్మ ఒలిచిన పాయలను గిన్నెలో వేసి, గిన్నె పక్కన పెట్టింది. తిరిగి పంపిస్తే మళ్ళీ అత్తగారి ఊళ్ళో ఆ వంటింటి మూలే గతి అని ఆమెకు బాగా తెలుసు. అయినా గడప మీంచి లేవలేదు.

"నువ్వు నాకు చేసిన మేలు నేను మర్చిపోలే. చచ్చేదాకా మర్చిపోను. కఫీల్‌తో చెప్పాలనుకుంటే చెప్పు, నీ ఇష్టం. ఈ బీగంచెవి మాత్రం ఇయ్యను. నన్ను పక్కకు ఈడ్చి తలుపు పగలగొడితే తప్ప ఈ గదిలోకి ఎవురూ పోలేరు. చెయ్యి ఎవురు వేస్తారో ముందుకు రాండి."

ఎవరూ రాలేదు. పంపు షెడ్డు నీడలో కూర్చున్న నూర్ బాషా లేచి వచ్చాడు. రాయచోటి మనిషి, రంజాన్ ఉపవాసంలో ఉన్నాడు, మాట పొదుపుగా వాడుతున్నాడు. "పుల్లయ్యన్నా, అది బూడిద తెగులు. గంధకం కొడితే పోతాది, టెంకాయ కొడితే పోదు," అన్నాడు. "మందు తెస్తానంటే నాలుగు దినాల నుంచి ఆగమంటాండావు. ఇప్పుడు పోయి తెస్తా. కాలిపోయిన మోటారుకు కొత్త తీగ కూడా చుట్టిచ్చుకోనొస్తా."

పనివాళ్ళు ఒక్కొక్కరే చెదిరారు. కొట్టడానికి తెచ్చిన టెంకాయను వెనక్కి తీసుకుపోవడం బాగుండదని చిన్నపుల్లయ్య దాన్ని నీళ్ళట్యాంకు దిమ్మకు కొట్టి, ఎవరికీ పంచకుండా వెళ్ళిపోయాడు. చంద్రిక కాస్త వెనకబడింది.

"తిరుపాలమ్మా, ఆ దేవుడు నీకేమన్నా ఇచ్చినాడా?" అని మెల్లగా అడిగింది.

"నేనేమీ అడగలేదొదినా."

"మరి ఎందుకింత పంతం?"

"నన్ను నమ్మి ఇచ్చిపోయిన పని ఇదొక్కటే వదినా," అంది తిరుపాలమ్మ. చంద్రిక పళ్ళెం చంకన పెట్టుకుని భర్త వెనకాల పోయింది.

గంధకం కొట్టాక ఆకులు తేరుకున్నాయి. చిన్నపుల్లయ్య కఫీల్‌తో ఏమీ చెప్పలేదు. తిరుపాలమ్మతో మాట్లాడటం మాత్రం మానేశాడు.

ఆ వారంలోనే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తిరుపాలమ్మకు ఒక్కతే కూతురు, శివపార్వతి. ఏడో నెల. సీమంతానికి ముహూర్తం పెట్టారు. పుట్టింటి తరపున సారె పెట్టి గాజులు తొడిగేది తిరుపాలమ్మ తోటికోడలు ఓబులమ్మ. పెద్దదిక్కుగా అన్నీ ఆమే చూసుకుంటోంది.

"ఫోన్‌లో వీడియో పెడతాం లేమ్మే," అంది ఓబులమ్మ. "కాకపోతే గాజులు తొడిగేటప్పుడు ఫోన్ బోర్లిచ్చి పెడతాం. అయిపోయినాంక నువ్వు బిడ్డను సూసుకుందువు. శుభమా అని జరిగే పని గదా."

"అట్లే లేక్కా," అంది తిరుపాలమ్మ. పదకొండేళ్ళుగా నోటికి అలవాటైన మాట, తనకు తెలియకుండానే వచ్చేసింది. ఫోన్ అవతల కూతురు ఉన్నట్టు ఊపిరి తెలుస్తోంది గాని, ఏమీ మాట్లాడలేదు.

నలభై ఆరో రోజున చిసాతో తిరిగొచ్చింది. చిక్కిపోయింది. వచ్చీ రాగానే తోటంతా తిరిగింది, కాయలు తట్టి చూసింది. చిన్నపుల్లయ్య ఆమె వెంటే తిరిగి, జరిగినదంతా తన వైపు నుంచి చెప్పుకున్నాడు. కాగితం తీసేటప్పుడైనా ముత్తైదువ చేత తీయించమని, చంద్రిక శుక్రవారం వస్తుందని బతిమాలాడు. చిసాతో అంతా విని, "శుక్రవారం అందరూ రండి," అంది.

యాభయ్యో రోజు శుక్రవారమే. చంద్రిక మళ్ళీ పట్టుచీరలో వచ్చింది. తిరుపాలమ్మ బీగం తీసి, గుమ్మం పక్కన నిలబడింది. చెబితే తీయడానికి ఆమె సిద్ధంగా ఉంది, చంద్రిక చేత తీయిస్తే ఊరుకోవడానికి కూడా సిద్ధంగా ఉంది. ఆ ఇంటి దేవుడు, ఆ ఇంటివాళ్ళ ఇష్టం.

చిసాతో ఎవరినీ పిలవలేదు. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది, నోరు పుక్కిలించింది. అందరి మధ్య నుంచి నడిచి, గడప దాటి లోపలికి పోయింది.

"మామా, మీరా?" అన్నాడు చిన్నపుల్లయ్య నమ్మలేనట్టు.

"నేనే. ఎందుకు?"

"అంటే... సార్ పోయినాడు గదా."

"అవును. యాభై రోజులైంది." ఆమె మొహంలో విసుగు లేదు. అతను అడిగిందేమిటో నిజంగానే అర్థం కాక, జవాబు కోసం ఒక క్షణం ఆగి చూసింది. ఏమీ రాకపోయేసరికి అటు తిరిగి, గోటితో అంచు లేపి, తెల్లకాగితం ఒలిచేసింది. తలుపులు తెరిచింది. బియ్యం, ఉప్పు, నీళ్ళు పెట్టింది. నిమ్మ రెబ్బలు గుచ్చింది. రెండుసార్లు వంగింది. ఆమె కొట్టిన రెండు చప్పట్లు ఆ చిన్నగదిలో పెద్దగా వినిపించాయి. మూడోసారి వంగి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక కళ్ళు తుడుచుకుని తప్పుకుని, తిరుపాలమ్మకు చోటిచ్చింది. ఆ తర్వాత చిన్నపుల్లయ్యను కూడా పిలిచింది. అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి, చప్పట్లు కొట్టకుండా మనలాగే చేతులు జోడించి దండం పెట్టి, తల వంచుకుని బయటికి పోయాడు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరూ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. తిరుపాలమ్మ మనసులో పొద్దుట్నుంచి తిరుగుతున్న మాట బయటికొచ్చింది. "మామా, యాభై దినాలకే మీరు దేవుడి తలుపు తీస్తే, మీ ఊళ్ళో ఎవురూ ఏమీ అనరా?"

చిసాతో చాలాసేపు మాటల కోసం వెతుక్కుంది. "మైల, ఫిఫ్టీ డేస్. శాడ్, లాంగ్ టైమ్. నేను చచ్చేదాకా శాడ్. కానీ రెండూ సేమ్ కాదు, తిరుసాన్."

"మీ ఆడోళ్ళకు ఏ కట్టడీ లేదా అయితే?"

చిసాతో నవ్వింది. "ఉంది. ఆడవాళ్ళను ఎక్కనివ్వని కొండ ఉంది మా దేశంలో. నాకు చిన్నప్పుడు చాలా కోపం వచ్చేది. ఇప్పుడు కూడా వస్తుంది."

తిరుపాలమ్మ చిక్కుడు ఈనె లాగుతూ ఆలోచించింది. పెంచల్ పోయినప్పుడు తమ ఇంట్లోనూ మైల పట్టారు. పదకొండో రోజున ఇల్లు కడిగారు, అందరూ తలస్నానాలు చేశారు, మైల పోయిందని బంధువులకు భోజనాలు పెట్టారు. తనూ తలకు పోసుకుంది. ఇంటిని వదిలిన మైల, బావగారిని వదిలిన మైల, ఇంట్లో పొయ్యిని కూడా వదిలిన మైల తనొక్కదాన్నే వదల్లేదన్నారా? లేదు, అలా ఎవరూ అనలేదు. ఆ రోజుతో మైల పోయింది. తన మీద మిగిల్చింది మైల కాదు. అది ఇంకేదో. దాన్ని తీసేదెప్పుడో ఎవరూ రోజు పెట్టలేదు. తనూ అడగలేదు.

చేతిలోని చిక్కుడుకాయ అక్కడే పడేసి ఫోన్ తీసింది.

"ఓబులమ్మక్కా, వచ్చే శుక్రవారం నేను వీడియోలో మొదట్నుంచీ ఉంటా. ఫోన్ బోర్లిచ్చొద్దు."

"అదేందే, మొన్ననే అట్లే అంటివి గదా."

"అంటి. ఇప్పుడు వద్దంటాండా. నా బిడ్డకు మొదటి గాజు నా మాటతోనే ఎక్కాల."

"నీకేమన్నా తిక్క పట్టిందా? ఆ చైనావోళ్ళ కాడ ఉండి ఉండి బుద్ధి చెడినట్టుండాది."

"చైనా కాదు, జపాను. నా బుద్ధి బాగనే ఉండాది."

"అవతల బిడ్డ అత్తగారోళ్ళు వస్తారు. నలుగురిలో పరువు తీస్తావా? కడుపుతో ఉండే పిల్లకు ఏమన్నా అయితే ఎవురు పూచీ?"

ఆ చివరి మాట తిరుపాలమ్మకు గుండెలో గుచ్చుకుంది. అయినా తగ్గలేదు. "దాన్ని తొమ్మిది నెల్లు మోసింది నేనక్కా. దానికి ఏమన్నా అవుతాదని నాకంటే ఎక్కువ భయం ఎవురికుంటాది? ఆ భయం ఉన్నా చెప్తాండా. నేను ఉంటా." ఫోన్ పెట్టేసి, పడేసిన చిక్కుడుకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

శుక్రవారం. కబ్ద్‌లో పొద్దున ఎనిమిదిన్నర, ఊళ్ళో పదకొండు. పనివాళ్ళు తినే బల్ల మీద ఫోన్‌ను నీళ్ళసీసాకు ఆనించి తిరుపాలమ్మ కూర్చుంది. చిసాతో, చంద్రిక చెరోపక్కన. నూర్ బాషా సిగ్నల్ బాగా వచ్చే మూల చూసి బల్ల జరిపించాడు. చిన్నపుల్లయ్య దూరంగా కాయల పెట్టెలు సర్దుతున్నాడు.

తెర మీద శివపార్వతి కనిపించింది. పచ్చచీర, జడనిండా కనకాంబరాలు, నిండుగా ఉంది. వెనకాల నట్టింటినిండా ఆడవాళ్ళు. ఓబులమ్మ గాజుల పళ్ళెం తెచ్చింది, వియ్యపురాలితో ఏదో చెప్పి నవ్వింది, వంగి ఫోన్ అందుకుంది. తెర చీకటైపోయింది. మంచం మీది దుప్పటి మాత్రం అస్పష్టంగా కనిపిస్తోంది. మంగళహారతి పాట మొదలైంది.

చంద్రిక చివాల్న తిరుపాలమ్మ వైపు చూసింది. తిరుపాలమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. ఉన్న గొంతునంతా కూడదీసుకుని పిలిచింది.

"పార్వతీ. ఫోన్ తిప్పు."

పాట ఆగలేదు.

"పార్వతీ, నేను ఈడనే ఉండా. పోలేదు. తిప్పేదాకా పిలుస్తానే ఉంటా. ఫోన్ తిప్పు నాయనా."

పాటలో ఒక్కొక్క గొంతే తగ్గింది. ఓబులమ్మ గట్టిగా, "కట్ చేసేయండి దాన్ని," అనడం వినిపించింది. గాజుల గలగల, ఎవరో లేచిన చప్పుడు. తెర మీద వెలుతురు పడింది. శివపార్వతి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉంది. మొహమంతా ఎర్రబడింది.

"పెద్దమ్మా, మా అమ్మ మాట్లాడతాంది," అంది కూతురు. అంతే అంది. ఆ తర్వాత తల్లి వైపు చూసింది.

"పళ్ళెంలోంచి ఒక పచ్చగాజు తీసుకో," అంది తిరుపాలమ్మ. "ఎవురూ తొడగాల్సిన పన్లే. నువ్వే తీసుకో. నేను ఈడనుంచి చెప్తా, నువ్వు ఎక్కిచ్చుకో."

ఓబులమ్మ విసురుగా లేచి వరండాలోకి పోయింది. శివపార్వతి గాజు తీసుకుంది.

"సల్లగా ఉండు. నీ కడుపు సల్లగా ఉండ. నీ నాయన ఉంటే ఈ పొద్దు ముందర నిలబడుకోని సూసుండును. నేను ఉండా. నాకు మొగుడు లేడు, బిడ్డ ఉండాది. నా దీవెనకు ఏ దోషమూ లేదు. ఎక్కిచ్చుకో."

గాజు కూతురి చేతికి ఎక్కింది. అప్పుడు ఫోన్‌లో వెనకాల వంటింటి గుమ్మం దగ్గర కదలిక కనిపించింది. ముగ్గురు ఆడవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఒకామె చేతికి ఇంకా పిండి అంటుకుని ఉంది. వాళ్ళెవరో తిరుపాలమ్మకు తెలుసు. శుభకార్యం జరుగుతుంటే వాళ్ళు వంటింట్లోనే ఎందుకున్నారో కూడా తెలుసు.

వాళ్ళలో పెద్దామె, డెబ్బై ఏళ్ళ గంగులమ్మత్త, ఫోన్ దగ్గరికి వచ్చి కళ్ళు చికిలించి చూసింది. "తిరుపాలూ, నేను కూడా ఒక గాజు తొడగొచ్చునామ్మే?"

"నన్నడగొద్దత్తా. బిడ్డనడుగు."

శివపార్వతి చెయ్యి చాపింది.

ఫోన్ పెట్టేసేసరికి తొమ్మిదిన్నరైంది. చిసాతో కాయల లెక్క చూడటానికి పాలీహౌస్‌కు పోయింది. చంద్రిక ముక్కు చీదుకుంటూ బల్ల తుడిచింది. ఓబులమ్మ ఇంక తనతో ఎన్ని నెలలు మాట్లాడదో, ఊళ్ళో ఎన్ని మాటలు పుడతాయో తిరుపాలమ్మ ఊహించుకోగలదు. పుడితే పుట్టనీ అనుకుంది. పొయ్యి మీద చిత్రాన్నం కలిపి తెచ్చేసరికి చిన్నపుల్లయ్య బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నెలరోజుల తర్వాత ఆమెతో మాట్లాడాడు.

"అంతా విన్యా. నువ్వు చేసింది తప్పే తిరుపాలమ్మా."

"తప్పయితే తప్పేలే అన్నా," అంది ఆమె, అతని ముందర పళ్ళెం పెట్టి. "రేపు మళ్ళీ చెయ్యాల్సొస్తే మళ్ళీ చేస్తా. కూర్చో, చల్లారిపోతాది."

అతను ఒకసారి పళ్ళెం వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.